కెయితా గుప్పిట్లో అలసందలు

ఆ ఏడు అలసందలు ఎంత విరగకాశాయంటే, తీగలు పొలం దాటి ఊళ్ళోకొచ్చి, మా గడప ఎక్కి, నేను కట్టేసిన మేకకి ఇంకో కట్టు కట్టాయి. నమ్మకపోతే మేకనే అడగండి. నేను గారెలమ్ముకునే మనిషిని. నా చెయ్యి పడితే దేనికైనా నూనె కాస్త ఎక్కువే అవుతుంది. కానీ ఆ కోతల కాలంలో ఫామోరీ కెయితా ఇంట్లో జరిగినదానికి మాత్రం పెద్దగా నూనె పొయ్యలేదు. పోసినచోట నేనే చెప్పేస్తా.

నా పేరు కోరోతూము కులిబాలీ. మొగుడు పోయినా, పళ్ళు పోయినా, పుట్టింటి పేరు మాత్రం నాతోనే ఉంది. అసలు చిక్కంతా ఆ పేరుతోనే. కులిబాలీలకీ కెయితాలకీ తాతల నాటి నుంచి వేళాకోళపు వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టుకోకుండా దాటిపోతే, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. నువ్వు నా బానిసవంటే కాదు నువ్వే నా బానిసవనుకోవాలి. అలసందలు మేసే జాతి మీదంటే మీదనుకోవాలి. ఎన్ని మాటలన్నా కోపం రాకూడదు, వచ్చినవాడు ఓడిపోయినట్టే. అడిగింది కాదనకూడదు, కాదంటే పితృదేవతలు ఊరుకోరు. ఇలాంటి వరసలో పుట్టించి, నా చేత అలసంద గారెలే అమ్మించాడు చూశారా, ఆ అల్లా కూడా కెయితాయేనేమో అని నా అనుమానం.

ఫామోరీ ఇల్లు మా గోడకి అవతల. వాడి పెద్దకూతురు నియెలే. చీకటితో లేచి బావి నుంచి నీళ్ళు మోసేది. చెల్లెలు వాసాని వీపుకి కట్టుకుని సజ్జలు దంచేది. ఆ తర్వాత గోడ దూకి నా దగ్గరకొచ్చి, నానబెట్టిన అలసందల పొట్టు తీసేది. కూలి ఒక గారె, ఒక కథ. గారె నోరెత్తకుండా తినేది గానీ, కథ మాత్రం ఊరికే మింగేది కాదు.

"అవ్వా, మీ తాతని మొసలి మింగింది వానాకాలంలో అన్నావు నిన్న."

"అన్నాను."

"ఇవాళేమో నది ఎండిపోయి ఉందంటున్నావు."

"మొసలి కడుపులోంచి చూస్తే అలాగే కనిపిస్తుందే."

"మొసలి కడుపులో వెలుగెక్కడిది?"

ఈ ఊళ్ళో నా అబద్ధాలు తిని పెరిగినవాళ్ళే గానీ, లెక్క అడిగినవాళ్ళు లేరు. మసీదు పెద్ద కూడా అడగలేదు. ఇదేం పిల్లరా నాయనా అనుకున్నాను. ఆ తాతకి లాంతరు కూడా మింగించాల్సి వచ్చింది.

దంచేటప్పుడు మా ఆడపిల్లలు రోకలి పైకెగరేసి, చప్పట్లు కొట్టి, అది కిందికొచ్చేలోగా పట్టుకుంటారు. నియెలే ఆ ఎగరేతల మధ్య అంకెలు చెప్పేది. ఒకటి, చప్పట్లు. రెండు, చప్పట్లు. అన్న బడి నుంచి తెచ్చి సాయంత్రం వల్లెవేసే అంకెలవి. ఇరవై దగ్గరికొచ్చేసరికి రోకలి ఆగిపోయేది.

"ఆపావేమే?"

"ఆ తర్వాత తెలీదవ్వా. అక్కడికొచ్చేసరికి అన్నయ్య నిద్రపోతాడు."

బడి ఊరి చివరే. పరిగెత్తితే చెమట కూడా పట్టదు. కానీ ఫామోరీ పిల్లని బడికి కాదు, బమాకో పట్నం పంపుతున్నాడు. కోతలవగానే సంత లారీ ఎక్కిస్తే, అక్కడ మేనత్త బిడ్డని ఎత్తుకోవడానికి. ఆ సంగతి నియెలేయే చెప్పింది, పొట్టు తీస్తూ, తల ఎత్తకుండా.

"అవ్వా, ఇరవై తర్వాత ఏంటో బమాకోలో చెబుతారా?"

వీపు మీద వాసా నిద్రపోతోంది. అక్కడ ఇంకో బిడ్డ ఆ వీపు కోసం కాచుకుని ఉన్నాడు. నా నోటికి ఏ కథా రాలేదు. చేతికి రెండు గారెలు ఇచ్చి పంపేశాను.

బళ్ళు తెరిచే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం సంగారె అనే టీచరమ్మ మగాళ్ళ పందిరి కిందికొచ్చింది. వాళ్ళు వేరుశెనక్కాయలు వలుస్తూ, టీ రెండో కాపుకి ఎదురుచూస్తున్నారు. నేను గంప పట్టుకుని అప్పుడే చేరాను.

"ఫామోరీ గారూ, ఆడపిల్లల బల్ల మీద చోటుంది. మీ నియెలేని పంపండి."

"మా పిల్లాడొకడు వస్తున్నాడు కదా టీచరమ్మా. ఇంటికొకడు చాలు. ఆడపిల్లలు కూడా బల్లలెక్కి కూర్చుంటే సంకటి ఎవరు కెలుకుతారు?"

"పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోతుందండీ."

"సరే లెండి. అల్లా దయ ఉంటే చూద్దాం."

మా ఊళ్ళో 'అల్లా దయ ఉంటే చూద్దాం' అంటే కుదరదని. టీచరమ్మ కొత్తగా వచ్చినా ఆపాటికి ఆ మాట ఇంటింటా విని ఉంటుంది. మొహం చిన్నబుచ్చుకుని లేవబోయింది. అప్పుడు ఫామోరీ నన్ను చూశాడు.

"అదుగో, అలసందల గంపొచ్చింది! దాని వెనకాల ఒక ముసలి కులిబాలీ కూడా వస్తున్నట్టుంది."

"వస్తున్నాన్రా, నా బానిస ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నాడని తెలిసి పట్టుకుపోదామని వస్తున్నా."

"ఎవరే బానిస? మీ ముత్తాతని మా ముత్తాత గుప్పెడు అలసందలకి కొన్నాడు. ఆ అలసందలు కూడా మీ ముత్తాతే తినేశాడు."

పందిరంతా పగలబడి నవ్వింది. ఊరిపెద్ద చేత్తో కన్నీళ్ళు తుడుచుకున్నాడు. ఏదో ఒకటి అనాలి. ఊరుకుంటే వారం రోజులు నా పరువు ఉండదు. నేనేమీ ఆలోచించలేదు, అల్లా సాక్షి. నోరే అనేసింది.

"సరేరా. నువ్వు నా బానిసవి. బానిస కూతురు ఎవరిది?"

"ఎవరిదే?"

"నాది. నియెలే నాది. నా పిల్లని నేను బడికి పంపించుకుంటాను. కాదనడానికి నువ్వెవడివిరా?"

నవ్వు ఇంకా పెద్దదైంది. ఫామోరీ కూడా నవ్వాడు. కానీ నవ్వు సగంలో వాడి మొహం ఒక్క క్షణం ఆగింది. వేళాకోళపు వరసలో అడిగాను. పదిమందిలో అడిగాను. కాదంటే దోషం, కోప్పడితే సిగ్గు. కెయితాలు తెలివితక్కువవాళ్ళు కారు లెండి. ఇది నేనన్నానని వాళ్ళకి చెప్పకండి. టీ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

"తీసుకో. నీదే. కానీ యజమానురాలా, ఆ పిల్ల పొద్దున నా ఇంట్లో చేసే పని ఎవరు చేస్తారు? నీ పిల్లని నువ్వు తీసుకుంటే ఆ రోకలీ కుండా కూడా నీవే. రేపు కోడి కూసేసరికి వచ్చి దంచు."

ఈసారి పందిరి కూలిపోతుందనుకున్నాను. ఒకడు నవ్వి నవ్వి వెనక్కి పడిపోయాడు. అందరం ఊరిపెద్ద వైపు చూశాం.

"మాట పందిరెక్కింది," అన్నాడాయన. "ఇక దింపేవాడు లేడు."

మేం తరచూ చేసే పొరపాటు ఇదే. నవ్వులాటే కదా అని నోరు జారతాం. నవ్వులాటకి సాక్షులుంటారని మరిచిపోతాం. టీచరమ్మ మాత్రం ఏమీ మరిచిపోలేదు. "రేపు పొద్దున్నే పంపించండి కోరోతూమమ్మా," అని, నవ్వులు సద్దుమణిగేలోపే పందిరి దాటేసింది.

మర్నాడు నియెలే బడికి, నేను రోటి దగ్గరికి.

మొదటిరోజు నా రోకటి పోటుకి పక్కూళ్ళో కోళ్ళు వేళ కాకుండానే గుడ్లు పెట్టేశాయి. నూనె పోసింది ఇక్కడే. నిజానికి మూడోపూటకల్లా నా అరచేతులు బొబ్బలెక్కి గారెల్లా పొంగాయి. బావి దగ్గర చేద లాగితే నడుములో ఏదో పటుక్కుమనేది. ఫామోరీ గుమ్మంలో చాపేసుకుని, ఒంటిచేతి మీద తల ఆనించుకుని, ఇదంతా నాటకంలా చూసేవాడు.

"గట్టిగా, ముసలీ! ఆ సజ్జలు నిద్రపోతున్నాయి!"

"నీ కంటేనా? పొద్దెక్కినా చాప మీంచి లేవలేదు!"

వాడి పెళ్ళాం సాతూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. నా చేతిలో రోకలి తీసుకోబోయింది.

"అత్తా, నువ్వు కూర్చో. నేను దంచుతాను."

"సంకటి నువ్వే కెలికి, పాలు నువ్వే పట్టి, దంచేది కూడా నువ్వేనా? కూర్చుంటే నీ మొగుడు ఊరంతా చాటుతాడు. పక్కకి తప్పుకోవే."

ఇంతకీ నేను మరిచిపోయిన సంగతి ఇంకోటుంది. నా రెండు చేతులూ ఫామోరీ రోటి దగ్గరుంటే, నా బాణలి దగ్గర ఎవరుంటారు? ఊళ్ళో పొద్దుటి గారెలు ఆగిపోయాయి. కోతలకి వెళ్ళే మగాళ్ళు రాత్రి మిగిలిన సంకటి నోట్లో వేసుకుని, మొహాలు వేలాడేసుకుని పొలం పోయేవాళ్ళు. పళ్ళు లేని ఊరిపెద్దకి నా గారె తప్ప ఏదీ దిగదు. ఆయన కర్ర పొడుచుకుంటూ ఫామోరీ గుమ్మంలోకే వచ్చాడు.

"ఏరా, నీ కూతురు చదువుకోవడం మంచిదే. దానికి నేనెందుకు పస్తుండాలి?"

"నన్నడుగుతారేం పెద్దయ్యా? ఓడిపోయానని ఆ ముసలిదాన్ని ఒక్కమాట అనమనండి. పిల్ల రోటి దగ్గరకొస్తుంది, అది బాణలి దగ్గరికి పోతుంది. అందరికీ సుఖం."

అందరూ నావైపు చూశారు. ఊరు ఆకలితో చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలీదు. నా బొబ్బలు కూడా ఆ మాట అనెయ్యవే అన్నాయి. సరిగ్గా అప్పుడే నియెలే బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకి దుమ్ము, నుదుటి మీద సుద్దముక్క గీత.

"అవ్వా! ఇరవై తర్వాత ఇరవై ఒకటి! ఆ తర్వాత ఇరవై రెండు! అవన్నీ మళ్ళీ మొదటి నుంచే వస్తాయవ్వా, ఇరవైని వీపున కట్టుకుని!"

"ఓడిపోలేదు," అన్నాను నేను ఫామోరీతో. "సజ్జలు పట్రా."

ఊరిపెద్ద నిట్టూర్చి కర్ర పొడుచుకుంటూ పోయాడు.

ఆ సాయంత్రం సాతూ నా చేతులకి నూనె రాస్తోంది. ఫామోరీ గాడిదకి గడ్డి వేస్తున్నాడు. సాతూ నాతో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది గానీ, మాట గాడిద వైపు పోయేలా మాట్లాడింది.

"పొద్దుటి నీళ్ళ బరువు తప్పితే సజ్జలు నేనే దంచుకుంటాను అత్తా. మన గాడిద ఉంది, బండి ఉంది, పీపా ఉంది. పొద్దున్నే తోకాడించుకుంటూ నిలబడి ఉంటుంది పాపం, తోచక."

"బావి దగ్గరికి మగాడు వెళ్తాడటే?" అన్నాడు ఫామోరీ వెనక్కి తిరక్కుండా.

"నేను గాడిద సంగతి చెబుతున్నాను."

నేను పెదవి కొరుక్కున్నాను. ఫామోరీ గడ్డి వేస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆ గాడిద జన్మలో తిననంత తిన్నది.

మర్నాడు కోడికూతకి నడుం పట్టుకుని వెళ్ళేసరికి, కుండలన్నీ నిండి ఉన్నాయి. మూతి దాకా. బండి చక్రాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గాడిద రొప్పుతోంది. గుమ్మంలో చాప మీద ఫామోరీ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పంట్లాం మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

సాతూ అప్పటికే రోటి దగ్గరుంది. నావైపు చూసి రోకలెత్తింది.

మీరే చెప్పండి. ఒక కెయితా, మీసమున్న మగాడు, ఆడవాళ్ళ బావి దగ్గర చేద లాగాడు. ఇలాంటి మాట ఒక కులిబాలీకి వందేళ్ళకోసారి దొరుకుతుంది. మనవల మనవలు కూడా పంచుకు తినేంత నవ్వుంది అందులో. నా నాలుక నోట్లో మేకపిల్లలా గంతులేసింది. కానీ ఆ మాట ఒక్కసారి పందిరెక్కిందా, మర్నాటి నుంచి కుండలు ఖాళీ.

ఆ పొద్దున చాలా రోజుల తర్వాత బాణలి పొయ్యి మీద పెట్టాను. ఊరంతా చుట్టూ మూగింది.

"ఏంటి ముసలమ్మా, ఇవాళ దంచడం లేదా?"

"ఇంకెక్కడి దంచడం! ఫామోరీ ఇంటికి బావి భూతం వచ్చిందర్రా. నా కళ్ళతో చూశాను. తాటిచెట్టంత ఎత్తు. గాడిద చెవులు. పీపాని చంకలో పెట్టుకుని తెల్లారేలోపు కుండలన్నీ నింపి పోయింది. ఎందుకే నీకీ కష్టం అంటే, చదువుకునే ఆడపిల్ల ఉన్న ఇల్లంటే నాకు ఇష్టం అంది."

ఫామోరీ కూడా వచ్చి గారెల కోసం చెయ్యి చాపాడు. మొహం రాయిలా పెట్టుకున్నాడు.

"ఎలా ఉందేంటి ఆ భూతం?"

"నీ కంటే అందంగానే ఉంది."

"చెయ్యి బలమైనదేనా?"

"బలానికేం! కాకపోతే చేద లాగడం ఇంకా రాదు. సగం నీళ్ళు పంట్లాం మీదే పోసుకుంది."

"భూతాలకి పంట్లాం ఉంటుందా?"

"సిగ్గున్న భూతాలకి ఉంటుంది."

వాడు గారె నోట్లో పెట్టుకుని పొలం వైపు తిరిగాడు. భుజాలు అదురుతున్నాయి.

నా కథ మగాళ్ళు నమ్మారో లేదో గానీ, నమ్మినట్టు ఊరుకున్నారు. గారెలొస్తున్నాయి కదా. ఆడవాళ్ళకైతే నమ్మే పనే లేదు, రోజూ బావి దగ్గర ఆ భూతాన్ని చూస్తూనే ఉన్నారు. వస్తుంటే పక్కకి తప్పుకుని, అటు తిరిగి నిలబడేవాళ్ళట. ఎవరో ఒకావిడ, పేరు చెప్పను, తాడు ఎలా పట్టుకోవాలో కూడా నేర్పిందట. కొన్నాళ్ళకి ఇంకో రెండిళ్ళకి కూడా అలాంటి భూతాలే, వేరే పంట్లాలతో, రావడం మొదలుపెట్టాయి. ఆ ఇళ్ళ ఆడపిల్లలు కూడా ఆడపిల్లల బల్ల మీద చేరారు.

కానీ సంత లారీ ఉంది కదా. అది మాత్రం నా గుండెలో రాయిలా కూర్చుంది. ఫామోరీ చెల్లెలు బమాకో నుంచి రెండుసార్లు కబురు పెట్టింది, పిల్లేది అని. బడి మాట పందిరి కింద పడింది గానీ, బమాకో మాట ఎక్కడా ఎవరూ ఎత్తలేదు. సజ్జ కంకులు గాదెల్లోకి చేరాయి. వేరుశెనగ పీకేశారు. సంత రోజు పొద్దున గోడ మీంచి చూస్తే, ఫామోరీ పెరట్లో కూర్చుని, సాతూ పాత గుడ్డలో ఏదో మూట కడుతున్నాడు. నియెలే బడికి వెళ్ళిపోయింది. సాతూ వీపు ఇటే ఉంది, మొహం కనిపించలేదు.

లారీ హారన్ కొట్టింది. ఫామోరీ మూట భుజానికెత్తుకుని బయల్దేరాడు. బడి అటే ఉంది. లారీ కూడా అటే ఉంది. నేను పొయ్యి మీద నూనె వదిలేసి వెనకాలే పడ్డాను. ఆ రోజు నేను పరిగెత్తిన పరుగుకి నూనె అక్కర్లేదు. పరిగెత్తానంతే.

వాడు బడి దాటాడు. ఆగలేదు. లారీ దగ్గరికెళ్ళి మూట పైకి విసిరాడు.

"పిల్లేది?" అన్నాడు డ్రైవరు. "మీ చెల్లెలు పిల్లని తీసుకురమ్మంది."

"అందులో వేరుశెనక్కాయలున్నాయి. కొత్త పంట. మా చెల్లెలికివ్వు."

"మరి పిల్ల?"

"పిల్ల నాది కాదు. అదుగో, రొప్పుకుంటూ వస్తోందే, ఆ కులిబాలీ ముసలిది పందిరి కింద అందరి ముందూ పట్టుకుపోయింది. ఇంకొకరి సొత్తు నేనెలా పంపుతాను?"

"మీ చెల్లెలికి కోపమొస్తుందయ్యా."

"రానీ. కానీ ఆ కోపం కులిబాలీ మీద చూపించుకోమను." ఫామోరీ మొహం వెలిగిపోయింది. "మా చెల్లెలూ కెయితాయే కదా. ఎలా చూపిస్తుంది!"

డ్రైవరు తల బాదుకుని బండి తీశాడు. దుమ్ములో మేమిద్దరమే మిగిలాం. బడిలోంచి పిల్లల గొంతులు వస్తున్నాయి, ఒకేసారి, ఎవరి తాళం వారిదిగా.

"నూనె మాడుతున్న వాసనొస్తోంది ముసలీ," అన్నాడు ఫామోరీ. "మీ అలసందలు నీళ్ళలో ఉంటే ఒక కంపు, నూనెలో ఉంటే ఇంకో కంపు."

నాకు తిట్టడానికి ఊపిరి అందలేదు. అందుకే వాడు ఈరోజుకీ తానే గెలిచానంటాడు.

చలిగాలి మొదలై, దుమ్ము సూర్యుణ్ణి మింగే రోజుల్లో, టీచరమ్మ లెక్కల కోసం పిల్లల్ని గింజలు తెచ్చుకోమంది. నియెలే ఎవరి దగ్గరికొస్తుంది? నా దగ్గరికే. దోసెడు అలసందలు కొంగులో పోశాను. ఫామోరీ అది చూసి, "చదువులో కూడా అలసందలేనా! కులిబాలీలు నా ఇంట్లోకి విత్తనం వేసేశారు," అని వీధంతా గోల చేశాడు. ఆ గింజల్ని చేత్తో ముట్టనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం పొయ్యికి నిప్పు తెచ్చుకుందామని చిప్ప పట్టుకుని వాళ్ళ ఇంటికెళ్ళాను. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. చాప మీద అలసందలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒకవైపు నియెలే. ఇంకోవైపు, నా వైపు వీపు పెట్టుకుని, గొంతుక్కూర్చుని, ఫామోరీ. మధ్యలో వాసా, అక్కని చూసి వేళ్ళు విప్పుతూ ముడుస్తూ.

"ఇరవై తొమ్మిది తర్వాత, నాన్నా?"

"ఇరవై పది."

"కాదు."

"ఎందుక్కాదు? వరసగానే వస్తోంది కదే!"

"ముప్పై. కొత్త వరస మొదలుపెట్టాలి."

"ముప్పై," అన్నాడు వాడు మెల్లగా, వేడి వేడి సంకటి ముద్ద మింగినట్టు.

అప్పుడు నా చిప్ప గుమ్మానికి తగిలింది. వాడు తిరిగి చూశాడు. చేతిలో గింజలున్నాయి. గబుక్కున గుప్పిట మూశాడు. అలసందలు పట్టుకున్న కెయితా!

"ఏం చూశావే?"

"నాకేం కనిపించింది? చీకటి పడుతోంది."

మూసిన గుప్పిట అలాగే ఉంచాడు. తర్వాత వాసా తల మీద రెండో చెయ్యి పెట్టాడు.

"ఇది కూడా ఎదిగాక బడికి పోతుంది."

"అయితే ఇది కూడా నా బానిసేనని పందిరి కింద చెప్పేదా?"

"వద్దు," అన్నాడు. వాడి గొంతులో నవ్వు లేదు. నాతో ఒక కెయితా అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "దీనికి నీ వరస అక్కర్లేదు. ఇది నా కూతురు. దీన్ని నేనే తీసుకెళ్ళి కూర్చోబెడతాను."

సాతూ వచ్చి నా చిప్పలో నిప్పులు వేసింది. నేను కదల్లేదు.

"నాన్నా," అంది నియెలే, "గుప్పిట తెరువు. లెక్క ఇంకా పూర్తి కాలేదు."

వాడు నావైపు చూశాడు. నేను పెరట్లో గాడిద వైపు చూశాను, ఎన్నడూ గాడిదని చూడనట్టు. వెనకాల చాప మీద గింజలు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు వినిపించింది.